జిల్లా కమిటీకి ఇచ్చే డిమాండ్ల పత్రం: మొదటి ఐదింట్లో ఏవి ఉండాలి?

గట్టుమీది_రావిచెట్టు

2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 72 కింద ప్రతి జిల్లాలో ఒక కమిటీ ఉండాలి. ఆంధ్రలో, తెలంగాణలో కొన్ని సంఘాలం కలిసి ఎవరి జిల్లా కమిటీకి వాళ్లం ఒకే నమూనాలో డిమాండ్ల పత్రం ఇవ్వాలనుకుంటున్నాం. ఇన్నాళ్లూ మన సంఘాలు ఇచ్చిన వినతిపత్రాల్లో ముప్పై, నలభై డిమాండ్లు ఉండేవి. వాటిమీద 'తగు చర్య నిమిత్తం' అని రాసి ఏదో ఒక శాఖకు పంపేవాళ్లు. అక్కడితో సరి.

ఈసారి ఐదు దాటకూడదు. ఒక్కోదానికి నాలుగు సంగతులు రాయాలి: చట్టంలో ఏ సెక్షన్, ఏ అధికారి బాధ్యత, గడువు ఎంత, జరిగిందో లేదో మనం ఎలా తేల్చుకుంటాం. ఈ నాలుగూ చెప్పలేని డిమాండ్ ఎంత న్యాయమైనదైనా వేరే కాగితం మీదికి పోతుంది. ఆ లెక్కన మీ ప్రాధాన్యాలు చెప్పండి.

బోర్డుముందు_క్యూ

మొదటిది సదరం, అంటే వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష. దీనిమీద వాదనే అక్కర్లేదు. పింఛను, బస్సు పాసు, రిజర్వేషన్, స్కాలర్‌షిప్ అన్నీ ఆ సర్టిఫికెట్ గుమ్మం దాటాకే. 'సదరం సక్రమంగా జరపాలి' అని మాత్రం రాయకండి. ఎక్కడ చెడుతోందో అక్కడే పట్టుకోవాలి.

అన్నిటికంటే నష్టం చేస్తున్నది శాతాల లెక్క. ఒకే మనిషికి రెండు లోపాలుంటే వాటిని కలపడానికి కేంద్రం మార్గదర్శకాల్లో సూత్రం ఉంది. పెద్ద శాతాన్ని 'అ', చిన్నదాన్ని 'ఆ' అనుకుంటే: అ + ఆ × (90 − అ) ÷ 90. కుడికాలికి 30, ఎడమచేతికి 20 వచ్చాయనుకోండి. 30 + 20 × 60 ÷ 90, అంటే 43.3. ఆ మనిషి 40 దాటినట్టే. డాక్టరు కాలు ఒక్కటే చూసి 30 వేసి పంపేస్తే పింఛను లేదు, ఉద్యోగ కోటా లేదు. కాలికి ఎముకల డాక్టరు, చెవికి ఈఎన్‌టీ డాక్టరు వేర్వేరు రోజుల్లో క్యాంపుకు వచ్చేచోట ఇది మరీ ఎక్కువ. రెండు రకాల వైకల్యాలుంటే ఫారం 6 కింద బహుళ వైకల్య సర్టిఫికెట్ ఇవ్వాలి. దానికి బదులు ఫారం 5 ఒకటి, ఫారం 7 ఒకటి విడివిడిగా చేతిలో పెడతారు. కలిపి లెక్కించే పని ఎవరిదీ కాకుండా పోతుంది.

సదరంలోనే రెండో సమస్య తిరస్కరణ. కుదరదనుకుంటే కారణం రాసి ఫారం 8 ఇవ్వాలి. నోటిమాటగా 'రాదమ్మా, వెళ్లు' అని పంపితే సెక్షన్ 59 కింద అప్పీలుకు పోవడానికి చేతిలో ఆధారం ఉండదు. ఆంధ్రలో 2025లో పింఛన్ల పునఃపరిశీలన జరిగి నోటీసులు వచ్చినప్పుడు పాత శాతం ఎందుకు తగ్గిందో తెలిపే పరీక్ష కాగితం చాలామంది చేతిలో లేదు. కాబట్టి డిమాండ్ ఇలా ఉండాలి: ప్రతి పరీక్షకూ ఏ అవయవానికి ఎంత వేశారో, ఏ సూత్రంతో కలిపారో చూపే షీటు నకలు ఆ మనిషికి అక్కడికక్కడే ఇవ్వాలి. బాధ్యత జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంట్‌ది.

గడువు దగ్గర జాగ్రత్త. 2017 నిబంధనల్లో సర్టిఫికెట్‌కు నెల రోజులు అని ఉండేది. 2024 అక్టోబరు సవరణతో అది మూడు నెలలైంది. పాత వినతిపత్రాలు చూసి 'నెలలోపు' అని రాస్తే అధికారి ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతాదంతా పక్కన పెడతారు. అదే సవరణతో కార్డు రంగులు కూడా ఖరారయ్యాయి: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. తెల్లకార్డు వచ్చినవాళ్లు 'కార్డు వచ్చింది కదా, పింఛను వస్తుంది' అనుకుని తిరుగుతున్నారు. గ్రామ సచివాలయంలో, మీసేవలో ఈ సంగతి గోడమీద రాయించాలి.

పాలమూరు_పిలుపు

అన్నా, మీరు చెప్పేది మంచిగనే ఉంది. కాని ఊర్లో ఎవర్ని అడిగినా మొదటి మాట పింఛనే. తెలంగాణలో 4,016 రూపాయలు. 2023 ఎన్నికలప్పుడు 6,000 ఇస్తమన్నరు. పక్కనే ఆంధ్రలో 2024 జులై నుంచి 6,000 ఇస్తున్నరు, మంచానికే పరిమితమైనోళ్లకు 15,000. ఇది మొదటి వరుసల లేకపోతే పత్రం మీద సంతకం పెట్టేటోళ్లు దొరకరు. కేంద్రం వాటా చూడున్రి: ఇందిరాగాంధీ వికలాంగ పింఛను కింద నెలకు 300. అది గూడ 80 శాతం దాటినోళ్లకు, దారిద్ర్యరేఖ కింద ఉన్నోళ్లకే. ఆ 300 పెట్టింది 2012ల. ఇన్నేండ్లల్ల ఒక్క రూపాయి పెరగలే.

నల్లకోటు_ఓరుగల్లు

పాలమూరు తమ్ముడి ఆవేదన నూటికి నూరు పాళ్లు న్యాయం. అయితే జిల్లా కమిటీ ముందు ఆ డిమాండ్ నిలబడదు. ఎందుకంటే సెక్షన్ 24 పింఛను మొత్తం ఇంత అని చెప్పదు. మిగతావాళ్లకు ఇచ్చే అలాంటి పథకం కంటే కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని మాత్రమే అంటుంది. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 2,016. దానికి 25 శాతం కలిపితే 2,520. 4,016 దాన్ని ఎప్పుడో దాటింది. ఆంధ్రలో వృద్ధులకు 4,000, పావు వంతు కలిపితే 5,000. 6,000 అక్కడా దాటింది. కేంద్రానిదీ అంతే: 200 మీద 300. అంటే కోర్టుకెక్కినా, రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గరికెళ్లినా సెక్షన్ 24 మనకు పనికిరాదు. మొత్తం పెంచడం మంత్రివర్గం చేతిలో ఉంది, కలెక్టర్ చేతిలో లేదు. దానికి ఎమ్మెల్యేలు, అసెంబ్లీ, రోడ్డుమీద ధర్నా. అది వేరే పోరాటం, చెయ్యాల్సిన పోరాటమే.

పింఛన్లలో కలెక్టర్ చేతిలో ఉన్నవి ఉన్నాయి. మంజూరై కూడా మొదలుకానివి, కారణం రాయకుండా ఆపేసినవి, పిల్లల తాత్కాలిక సర్టిఫికెట్ గడువు తీరడంతో ఆగిపోయినవి. మానసిక ఎదుగుదల లోపమున్న పిల్లలకు ఇచ్చేది తాత్కాలిక సర్టిఫికెట్టే, 18 నిండాక ఇచ్చేది జీవితాంతం చెల్లుతుంది. మధ్యలో గడువు తీరే ముందే స్లాట్ ఇవ్వాలి, కొత్త సర్టిఫికెట్ వచ్చేదాకా పింఛను ఆపకూడదు. ఇది రాయండి, సదరం డిమాండ్ కిందే.

మేస్త్రీ_కొలబద్ద

భవనాలు రెండో స్థానంలో ఉండాలి. ఎందుకో చెప్తాను. సెక్షన్ 45 ప్రకారం నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో ప్రజలు వాడే పాత భవనాలన్నీ అందుబాటులోకి రావాలి. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో. ఆ ఐదేళ్లూ 2022లోనే అయిపోయాయి. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. ప్రమాణాలను సలహాల్లా వదిలేసిన 15వ నిబంధన చట్టానికి విరుద్ధమని కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తయారు చేయమని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టు ఆధారపడిన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం వికలాంగ అధ్యయన కేంద్రానిది.

ఇక కొలతలు. ర్యాంపు వాలు 1:12 మించకూడదు. పునాది ఎత్తు 600 మి.మీ. ఉంటే ర్యాంపు 7.2 మీటర్ల పొడవు రావాలి. మన సచివాలయాలకు, పీహెచ్‌సీలకు కట్టేది చాలాచోట్ల పదడుగులు, అంటే మూడు మీటర్లు. అది 1:5. వెనక నుంచి ఇద్దరు తోస్తే తప్ప చక్రాల కుర్చీ ఎక్కదు, దిగేటప్పుడు ముందుకు బోర్లా పడుతుంది. ఎస్టిమేటులో 'ర్యాంపు – 1' అని మాత్రమే రాసి, పొడవు రాయకపోవడం దీనికి మూలం. కాంట్రాక్టరు ఉన్న జాగాలో ఇరికిస్తాడు, ఇంజనీరు బిల్లు పాస్ చేస్తాడు.

ఇంజనీరు అక్కర్లేకుండా మీరే కొలవచ్చు. మీటరు పొడవున్న తిన్నని చెక్క, రసమట్టం తీసుకోండి. చెక్క పైకొన ర్యాంపుకు ఆనించి, రసమట్టం బుడగ మధ్యకొచ్చేదాకా కిందికొన లేపండి. కిందికొన నుంచి నేలకు ఎంత ఖాళీ ఉందో టేపుతో కొలవండి. 83 మి.మీ. దాటితే ర్యాంపు పనికిరానిదే. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ ఉంటే 4.8 డిగ్రీలు హద్దు. ఒకచోట కొలిచి ఊరుకోవద్దు, మొదట్లో, మధ్యలో, చివర కొలవండి. కిందిభాగం బాగానే వేసి తలుపు దగ్గర నిట్టనిలువుగా లేపినవి ఎక్కువ.

తర్వాత చూడాల్సింది ర్యాంపు పైన, కింద 1,500 మి.మీ. చదును. పైన చదును లేకపోతే కుర్చీ వాలులోనే నిలబడి తలుపు లాగాలి, అది సాధ్యం కాదు. వెడల్పు 1,200, తలుపు ఖాళీ 900, రెండు పక్కలా చేతికమ్మీ 700, 900 ఎత్తుల్లో. ర్యాంపుకు గ్రానైటు పాలిష్ రాయి వేస్తే వానాకాలం ప్రాణాపాయమే. గీతలు పెట్టిన సిమెంటు చాలు, ఖర్చూ తక్కువ. మరుగుదొడ్డి ఉన్నా తాళం వేసి స్టోర్‌రూమ్ చేస్తారు. ఆడిట్ ఫారంలో 'ఉంది/లేదు' అన్న గడి ఒక్కటే పెట్టకండి, 'తెరిచి ఉందా' అన్న గడి కూడా ఉండాలి.

కొత్త భవనాలకు సెక్షన్ 44 ఉంది. ప్రమాణాలు లేకుండా ప్లాను మంజూరు చేయకూడదు, పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదు. కట్టాక పగలగొట్టించడం కంటే ఇక్కడ ఆపడం సులువు. మున్సిపల్ కమిషనర్‌ను బాధ్యుడిగా రాయండి.

ఆరుచుక్కలు

మేస్త్రీ గారు చెప్పిన ర్యాంపుతో పాటు కంటికి కనిపించని మెట్లూ ఉన్నాయి. ప్రభుత్వ ఉత్తర్వుల్లో చాలావాటిని స్కాన్ చేసి బొమ్మలుగా పెడతారు. తెలుగువైతే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినవి. స్క్రీన్ రీడర్‌కు బొమ్మలో అక్షరం ఉండదు, పాత ఫాంటులో అర్థం లేని గుర్తులు వినిపిస్తాయి. పరిష్కారానికి పైసా ఖర్చు లేదు: యూనికోడ్‌లో టైపు చేసి, ఫైలును నేరుగా పీడీఎఫ్‌గా భద్రపరచాలి, ప్రింటు తీసి సంతకం చేసి మళ్లీ స్కాన్ చేయకూడదు. సంతకం డిజిటల్‌గా పెట్టొచ్చు. వెబ్‌సైట్లు, డిజిటల్ పత్రాలు వికలాంగులకు అందేలా ఉండాలనే ఐఎస్ 17802 ప్రమాణం 2023లో నిబంధనల్లో చేరింది, కాబట్టి ఇది దయ కాదు, విధి.

మరొకటి బ్యాంకుల్లాంటి చోట్ల అడిగే గుర్తింపు ధ్రువీకరణ (కేవైసీ). కళ్లు ఆర్పమనడం, తెరమీద కదిలే చుక్క వైపు చూడమనడం, బొమ్మలోని అంకెలు కొట్టమనడం. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు డిజిటల్ అందుబాటును 21వ అధికరణంలో భాగమంది, కేవైసీ మీద 20 ఆదేశాలిచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివాళ్లు వేసిన కేసులవి. జిల్లాలో బ్యాంకుల సమన్వయ సమావేశం కలెక్టర్ అధ్యక్షతనే జరుగుతుంది, అక్కడ ఇది ఎజెండాలో పెట్టించవచ్చు.

భవిత_మేడం

చదువు లేకుండా ఐదు డిమాండ్లు రాస్తే నేను ఒప్పుకోను. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, వాటిలో టీచర్లు సరిపడా లేరు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క: ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆ పైన 15 మందికి ఒకరు. ఆ ఉపాధ్యాయులకు భారత పునరావాస మండలి నమోదు ఉండాలి. అడగాల్సింది 'టీచర్లను వేయండి' అని కాదు. మండలాల వారీగా పిల్లలెందరు, మంజూరైన పోస్టులెన్ని, ఉన్నవారెందరు, ఆ పట్టిక.

ఆ పిల్లల సంఖ్య దగ్గరే అసలు తిరకాసు. బడుల వివరాలు నమోదు చేసే యూడైస్ ప్లస్ పోర్టల్‌లో ఆ బిడ్డను ప్రత్యేక అవసరాల విద్యార్థిగా నమోదు చేయకపోతే టీచరు లెక్కలోకి రాదు, పరికరాలు రావు, సమగ్ర శిక్ష కింద ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున వచ్చే స్టైపెండూ రాదు. హెడ్‌మాస్టర్లు సర్టిఫికెట్ లేదని గడి ఖాళీగా వదిలేస్తారు. సర్టిఫికెట్ మళ్లీ సదరం స్లాటు. అందుకే క్యూ గారి మాటకు నా ఓటు. కానీ పిల్లలకు విడిగా, బడి ఉన్న మండల కేంద్రంలోనే క్యాంపు అడగండి. ఎదుగుదల లోపమున్న బిడ్డను తెల్లవారుజామున బస్సెక్కించి జిల్లా ఆసుపత్రి వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చోబెడితే ఆ తర్వాత చేసే పరీక్షకు విలువేముంటుంది? బిడ్డ సహకరించలేదని రాసి మళ్లీ రమ్మంటారు.

పరీక్షల్లో జవాబులు రాసిపెట్టే సహాయకుల సంగతి కూడా. గంటకు 20 నిమిషాలు అదనం, మూడు గంటల పేపరుకు ఒక గంట. 40 శాతం లోపున్నా రాయడం కష్టమైతే సహాయకుడు దొరుకుతాడు: 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ తీర్పు, దాని వెంట 2022 ఆగస్టు మార్గదర్శకాలు. ఇన్విజిలేటర్లకు ఇది తెలియదు. పరీక్షకు ముందు శిక్షణలో ఒక పేజీ పంచితే సరిపోతుంది, పెద్ద డిమాండ్ కాదు.

సైగలే_మాట

బధిరుల సంగతి ఎప్పుడూ చివరికే. పోలీస్ స్టేషన్‌లో, ఆసుపత్రిలో, కోర్టులో సైగభాష అనువాదకులు లేరు. వైకల్యమున్న మహిళ మీద లైంగిక నేరం జరిగితే ఫిర్యాదు ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటనో, అనువాదకుడో ప్రత్యేక ఉపాధ్యాయుడో ఉండగా రాయాలి, వీడియో తీయాలి. ఇది చట్టంలో ఉన్నమాట. జిల్లా ఎస్పీ దగ్గర అనువాదకుల జాబితా, ఫోన్ నంబర్లు, రోజుకు ఎంత చెల్లిస్తారు అన్నది లేకపోతే ఆ మాటకు అర్థం లేదు. ఇంట్లోవాళ్లనే అనువాదకులుగా కూర్చోబెడితే, నిందితుడు ఆ ఇంటివాడే అయినప్పుడు ఏమవుతుందో వేరే చెప్పాలా? జాబితా ఒక్కటే అడుగుతున్నాను. వారం రోజుల పని.

రోస్టర్_82

ఉద్యోగాలు. నాలుగు శాతం: చూపుకు 1, వినికిడికి 1, చలన వైకల్యానికి 1, ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు కలిపి 1. ఏ ఖాళీ ఏ కోటాకో వరుసగా చూపే రిజిస్టరే రోస్టర్. కేంద్రం 100 పాయింట్ల రిజిస్టరులో 1, 26, 51, 76 నుంచి మొదలయ్యే నాలుగు భాగాలు. రాష్ట్రాల రోస్టరు పాయింట్లు వేరు. నోటిఫికేషన్‌లో 'వికలాంగ కోటా లేదు' అంటే నమ్మకుండా రోస్టర్ రిజిస్టర్ నకలు ఆర్టీఐలో అడగండి. ఉమ్మడి రాష్ట్రం నాటి ఫీజు నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. అభ్యర్థి దొరకకపోతే ఆ ఖాళీ తర్వాతి ఏడాదికి పోవాలి, అప్పుడూ దొరకకపోతేనే మరో వైకల్య వర్గానికి మార్చాలి. మధ్యలోని ఈ మెట్టును దాటేసి జనరల్‌కు ఇచ్చేయడమే ఎక్కువగా జరిగే తప్పు. రిజిస్టర్‌లో అడ్డంగా కనిపిస్తుంది.

ఒక లోటు కూడా గుర్తుంచుకోండి. తలసీమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ చట్టంలోని 21 వైకల్యాల్లో ఉన్నాయి, ఉన్నత విద్యలో 5 శాతానికి అర్హత ఉంది. సెక్షన్ 34 ఉద్యోగ జాబితాలో లేవు. మన్యం, ఆదిలాబాద్ ఏజెన్సీల్లో సికిల్ సెల్ పిల్లలు చదివి వచ్చాక తలుపు మూసేసి ఉంటుంది. అది పార్లమెంటు సవరించాల్సిన సంగతి, జిల్లా పత్రంలో పట్టదు.

అమ్మానాన్నల_సంఘం

18 దాటిన మేధో వైకల్యమున్న పిల్లల పేర బ్యాంకు ఖాతా, ఆస్తి, పింఛను: అన్నిచోట్లా 'గార్డియన్ సర్టిఫికెట్ తెండి'. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద కలెక్టర్ ఉండే లోకల్ లెవల్ కమిటీ ఇవ్వాలి. ఆ కమిటీ కూర్చోదు. మూడు నెలలకోసారి తేదీ ప్రకటించి కూర్చోవాలన్నది మా ఒకే ఒక్క మాట. నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయలు ఉందని కూడా సగం మంది తల్లిదండ్రులకు తెలియదు.

నల్లకోటు_ఓరుగల్లు

కమిటీ పట్టించుకోకపోతే తర్వాతి మెట్టు రాష్ట్ర కమిషనర్. లాయరు అవసరం లేదు, తెల్లకాగితం చాలు. అధికారులను పిలిపించడానికి, పత్రాలు తెప్పించడానికి సెక్షన్ 82 కింద సివిల్ కోర్టు అధికారాలున్నాయి. కమిషనర్ సిఫారసు చేస్తే సెక్షన్ 81 ప్రకారం మూడు నెలల్లో అమలు చేయాలి, లేదా ఎందుకు చేయలేదో రాయాలి. ఆ రెండూ లేకపోతే హైకోర్టులో రిట్. అప్పుడు మన కేసు బలమంతా మొదట ఇచ్చిన కాగితంలోనే ఉంటుంది. 'వికలాంగులు ఇబ్బంది పడుతున్నారు' అని రాసినదానిమీద ఏ జడ్జీ ఆదేశం ఇవ్వలేరు. 'ఫలానా పీహెచ్‌సీ ర్యాంపు వాలు 1:5, ఫలానా తేదీన కొలిచాం' అంటే ఇవ్వగలరు.

తిరుగలి

రెండు ముక్కలు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది వికలాంగులు. అప్పుడు అడిగింది ఎనిమిది రకాలే, ఇప్పుడు చట్టంలో 21. 2027 లెక్కలకు ఎన్యుమరేటర్ల శిక్షణ జిల్లాలోనే జరుగుతుంది. ఇంట్లో దాచిన బిడ్డ గురించి ఎలా అడగాలో ఆ శిక్షణలో చెప్పడానికి సంఘాల నుంచి ఒకరిని పిలవమనండి.

గట్టుమీది_రావిచెట్టు

ఇప్పటిదాకా తేలింది ఇది. ఒకటి సదరం: లెక్క షీటు, ఫారం 8, గడువుకు ముందే స్లాట్, మండలంలో పిల్లల క్యాంపు. రెండు భవనాలు: జిల్లాలోని పీహెచ్‌సీలు, సచివాలయాలు, తహసీల్దార్ కార్యాలయాల కొలతల ఆడిట్, మన మనుషులతో కలిసి. మూడు భవిత పోస్టుల పట్టిక, యూడైస్ నమోదు. నాలుగు రోస్టర్ రిజిస్టర్లు బయటపెట్టడం. ఐదు: సైగభాష అనువాదకుల జాబితా, లోకల్ లెవల్ కమిటీ తేదీలు. రెండూ కలెక్టర్, ఎస్పీ ఒక సంతకంతో చేయగలిగేవి కాబట్టి కలిపాను. యూనికోడ్, బ్యాంకులు, జనగణన వేర్వేరు ఉత్తరాలుగా ఆయా అధికారులకే వెళ్తాయి.

పాలమూరు_పిలుపు

పింఛను యాడ పోయింది అన్నా?

గట్టుమీది_రావిచెట్టు

పింఛను మొత్తానికి వేరే పత్రం, ఎమ్మెల్యేలకు, మంత్రికి, అదే రోజు. ఆగిపోయిన పింఛన్ల జాబితా మాత్రం మొదటి డిమాండ్‌కు అనుబంధంగా పెడదాం. ఊరి పేరు, ఐడీ చివరి నాలుగంకెలు, ఆగిన నెల. జబ్బు పేరు, ఫోన్ నంబరు వద్దు, కాగితం ఎవరెవరి చేతులు మారుతుందో తెలియదు. నీ జిల్లా జాబితా నువ్వు తయారు చేస్తావా?

పాలమూరు_పిలుపు

చేస్త. రెండు పత్రాలు ఒక్కదినమే ఇస్తమంటే మావోళ్లు వస్తరు. ప్రజావాణిల ఇయ్యాల్నా, డైరెక్టుగ కలెక్టర్‌కా?

నల్లకోటు_ఓరుగల్లు

సోమవారం ప్రజావాణిలోనే ఇవ్వండి, నంబరు పడుతుంది. చేతికిచ్చి ఫొటో దిగితే నంబరు ఉండదు, రేపు కమిషనర్ దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు. ఆంధ్రవాళ్లు ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్కో డిమాండ్‌ను విడి అర్జీగా నమోదు చేయించండి. ఐదూ ఒకే అర్జీలో ఉంటే ఒకదానికి జవాబు రాసి మొత్తం మూసేస్తారు.

మేస్త్రీ_కొలబద్ద

కొలతల ఫొటోలు జత చేసేవాళ్లకు: ఒక్కో భవనానికి రెండు. ఒకటి టేపు అంకెలు చదవగలిగేంత దగ్గరగా, ఒకటి కార్యాలయం బోర్డు, ర్యాంపు రెండూ పడేలా దూరంగా. ఫోన్‌లో తేదీ, స్థలం నమోదయ్యే సెట్టింగు ముందే ఆన్ చేసుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపండి.